ఇప్ప పలుకుల నూనె, ఇంటి మలాము: ఏరడం నుంచి డబ్బాలో పోసేదాకా జాగ్రత్తలు

ఇప్ప చెట్టు అనగానే ముందుగా పువ్వే గుర్తుకొస్తుంది. మార్చి, ఏప్రిల్‌లో పువ్వు ఏరుకున్నాక చాలామంది చెట్టు సంగతి మరిచిపోతారు. కానీ రెండు మూడు నెలల్లో అదే చెట్టు మరో పంట ఇస్తుంది. కాయలోని గింజను పగలగొడితే వచ్చే పప్పునే ఇప్ప పలుకు అంటారు. ఆదిలాబాద్ గోండు గూడేల్లో ఈ పలుకుల నూనెను దీపానికి, వంటకు, కాళ్ల పగుళ్లకు, ఒళ్లు నొప్పులకు తరతరాలుగా వాడుతున్నారు. ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్, నిర్మల్, మంచిర్యాల జిల్లాల్లోనూ, ఉమ్మడి కరీంనగర్‌లోని అడవి అంచు ఊళ్లలోనూ ఈ చెట్లు అడవిలోనే కాక చేను గట్ల మీద కూడా ఉన్నాయి.

ఇప్ప నూనెతో వచ్చే ఇబ్బంది ఒక్కటే. పలుకు చేతికొచ్చే రోజులు, వానలు మొదలయ్యే రోజులు ఒకటే. సరిగా ఆరని పలుకుకు బూజు పడుతుంది, నూనె కనరెక్కుతుంది, వ్యాపారి ధర తగ్గిస్తాడు. అలాంటి నూనెను పగిలిన మడమకు రాస్తే మంట పుడుతుంది. కాబట్టి నూనె మంచిదయ్యేదీ కానిదీ గానుగ దగ్గర కాదు, ఆరబెట్టే చోటే తేలిపోతుంది. ఏం చేయాలో వరుసగా చూద్దాం.

ఎప్పుడు, ఎలా ఏరాలి

కాయలు మే చివర నుంచి జూలై వరకు పండుతాయి. ఒక్కో కాయలో ఒకటి నుంచి నాలుగు గింజలు ఉంటాయి. పండి రాలిన కాయలనే ఏరాలి. కొమ్మలు దులపడం, కర్రతో కొట్టడం వల్ల పచ్చి కాయలు రాలతాయి. పచ్చి గింజలో నూనె తక్కువ, తేమ ఎక్కువ. పైగా లేత కొమ్మలు విరిగితే వచ్చే ఏడు పువ్వు తగ్గుతుంది.

* రోజూ పొద్దున్నే ఏరుకోండి. రెండు మూడు రోజులు నేల మీద పడి ఉన్న కాయలో పురుగు, బూజు చేరతాయి.
* చెట్టు కింద పాత చీర గానీ, టార్పాలిన్ గానీ పరిస్తే గింజకు మట్టి అంటదు.
* నేలను శుభ్రం చేయడానికి ఆకులకు నిప్పు పెట్టకండి. ఆ మంటకు చెట్టు మొదలు కాలుతుంది, కింద మొలిచిన పిల్ల మొక్కలు చస్తాయి.
* నల్లబడిన, మొలకెత్తిన, పురుగు తొలిచిన గింజలను అక్కడే వేరు చేయండి. పది చెడ్డ గింజలు చాలు, సంచి అంతటికీ వాసన పట్టడానికి.

అడవిలో ఏరే హక్కు

అటవీ హక్కుల చట్టం 2006లోని సెక్షన్ 3(1)(సి) ప్రకారం, సంప్రదాయంగా చిన్న తరహా అటవీ ఉత్పత్తులు సేకరిస్తున్న గిరిజనులకు, ఇతర సంప్రదాయ అడవి వాసులకు వాటిని ఏరుకునే, వాడుకునే, అమ్ముకునే హక్కు ఉంది. ఇప్ప పువ్వు, ఇప్ప గింజ, తేనె, మైనం ఇందులోకే వస్తాయి. కవ్వాల్ 2012లో పులుల అభయారణ్యం అయింది. ఆ పరిధిలోని ఊళ్లవారు లోపలికి వెళ్లే ముందు గ్రామసభలోని అటవీ హక్కుల కమిటీతోనూ, బీట్ అధికారితోనూ మాట్లాడుకోవడం మంచిది. ఈ చట్టం కిందికి రాని రైతులు తమ పొలంలో, గట్ల మీద ఉన్న చెట్ల కింద ఏరుకోవాలి.

ఆరబెట్టడం: అసలు పని ఇదే

కాయ గుజ్జును అదే రోజు తీసేయాలి. గుజ్జుతో సహా కుప్ప పోస్తే ఒక్క రాత్రిలో వేడెక్కి పులుస్తుంది. గింజను రెండు మూడు రోజులు ఎండబెట్టి, రాయితోనో చెక్కతోనో నెమ్మదిగా కొట్టి పైపెంకు తీయాలి. పది కిలోల గింజలకు సుమారు ఏడు కిలోల పలుకులు వస్తాయి. ఆ తర్వాత పలుకులను విడిగా మరో మూడు నాలుగు రోజులు ఎండబెట్టాలి.

* పలుచగా పోసి రోజుకు రెండు మూడు సార్లు తిరగేయండి. మట్టి నేల మీద కాకుండా టార్పాలిన్ మీద గానీ, మంచం మీద గానీ పోయండి.
* మబ్బు పట్టినప్పుడు ఇంట్లోకి తెచ్చి కుప్ప పోయకండి. చూరు కింద, గాలి ఆడే చోట పరచండి.
* ముసురు వదలకపోతే పొయ్యి పైన అటక మీద పలుచగా పరచండి. పొగ నేరుగా తగలకుండా చూడండి. పొగ పట్టిన పలుకు నూనె మలాముకు పనికిరాదు.
* పలుకును వేళ్లతో విరిస్తే టక్కున విరగాలి. వంగినా, లోపల మెత్తగా ఉన్నా ఇంకో రోజు ఎండ కావాలి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, గింజలో కొవ్వుతో పాటు ఆ కొవ్వును విడగొట్టే ఎంజైములు కూడా ఉంటాయి. తేమ తగిలితే అవి పని మొదలుపెడతాయి. కొవ్వు విడిపోయి ఆమ్లాలుగా మారుతుంది. కనరు వాసన, చర్మం మీద మంట అక్కడి నుంచే వస్తాయి. ఒకసారి అలా మారిన నూనెను కాచినా, వడకట్టినా బాగుపడదు. పశ్చిమ ఆఫ్రికాలో ఆడవాళ్లు షియా అనే చెట్టు గింజల నుంచి వెన్నలాంటి కొవ్వు తీసి చర్మానికి వాడతారు, అమ్ముతారు. ఆ చెట్టు మన ఇప్ప కుటుంబానిదే. వాళ్లు కూడా గింజలు ఏరగానే ఉడకబెట్టి త్వరగా ఎండబెడతారు. కారణం ఇదే.

బాగా ఆరిన పలుకులను శుభ్రమైన గోనె సంచిలో నింపి, నేలకు తగలకుండా చెక్కల మీద పెట్టండి. ప్లాస్టిక్ యూరియా సంచుల్లో నింపి మూతి బిగిస్తే లోపల చెమ్మ పడుతుంది. నూనె ఎంత త్వరగా ఆడిస్తే అంత మంచిది.

నూనె తీయడం

గానుగలో ఆడిస్తే పలుకు బరువులో 20 నుంచి 30 శాతం, ఎక్స్‌పెల్లర్ మిల్లులో సుమారు 35 శాతం నూనె వస్తుంది. అంటే పది కిలోల పలుకులకు గానుగలో రెండు మూడు కిలోలు, మిల్లులో మూడున్నర కిలోలు. పాత పద్ధతిలో పలుకులను దంచి, ఆవిరి పట్టించి, రెండు కొయ్య దిమ్మెల మధ్య నొక్కి నూనె పిండుతారు. ఇందులో దిగుబడి తక్కువ, కానీ ఒక ఇంటికి చాలు.

మిల్లుకు తీసుకెళ్లినప్పుడు రెండు విషయాలు గట్టిగా అడగండి. మీకంటే ముందు కానుగ, వేప లాంటివి ఆడించి ఉంటే యంత్రం శుభ్రం చేయించండి. మీది అయ్యాక కూడా శుభ్రం చేయమని చెప్పండి. లేకపోతే మీ తర్వాత పల్లీలు ఆడించుకునేవారి నూనెలో, వాళ్ల పశువులు తినే పల్లి చెక్కలో ఇప్ప చెక్క కలుస్తుంది.

నూనెను స్టీలు గిన్నెలో పోసి మూత పెట్టి మూడు నాలుగు రోజులు కదపకుండా ఉంచండి. అడుగున మడ్డి దిగుతుంది. పైనున్న తేటను మాత్రమే పలుచని బట్టలో వడకట్టి వాడండి. ఆ మడ్డిలో పలుకు పిండి ఉంటుంది. పలుకులో సబ్బులా నురగనిచ్చే సపోనిన్లు ఉంటాయి, అవి చర్మాన్ని మండిస్తాయి.

చలికాలంలో ఈ నూనె నెయ్యిలా గడ్డకడుతుంది. అది కల్తీ కాదు, దాని గుణం. అందుకే మలాము చేయడానికి ఇది బాగా సరిపోతుంది.

మలాము తయారీ

కావలసినవి: వడకట్టిన ఇప్ప నూనె 100 గ్రాములు, శుభ్రమైన తేనె మైనం 15 గ్రాములు. ఎండాకాలానికి చేస్తుంటే మైనం 20 గ్రాములు వేయండి. ఇష్టమైతే నీడలో గలగలలాడేలా ఎండబెట్టిన వేపాకు ఒక గుప్పెడు.

1. తేనె తీసిన పట్టును నీళ్లలో కరిగించి వడకట్టి చల్లారిస్తే మైనం పైన బిళ్లలా తేలుతుంది. దాన్ని తుడిచి, తడి లేకుండా ఆరబెట్టండి.
2. పెద్ద గిన్నెలో నీళ్లు మరిగించి, అందులో చిన్న గిన్నె పెట్టి నూనె పోయండి. నూనెను, మైనాన్ని నేరుగా మంట మీద పెట్టకండి. మైనం అంటుకుంటే ఆర్పడం కష్టం.
3. వేపాకు వేస్తే సన్నని సెగ మీద గంటసేపు ఉంచి, బట్టతో వడకట్టండి. పచ్చి ఆకు వేయకండి. దానిలోని నీరు చేరి మలాముకు బూజు పడుతుంది.
4. మైనాన్ని ముక్కలు చేసి వేడి నూనెలో వేయండి. సుమారు 65 డిగ్రీల వేడికి అది కరిగిపోతుంది.
5. ఒక చెంచాడు తీసి చల్లని పళ్లెం మీద వేసి చూడండి. మరీ గట్టిగా ఉంటే కొంచెం నూనె, జారుతుంటే కొంచెం మైనం కలపండి.
6. కడిగి ఎండలో పూర్తిగా ఆరబెట్టిన డబ్బాల్లో పోసి, చల్లారాక మూత పెట్టండి. చేసిన తేదీ రాసి అంటించండి.

ఒక్కసారే ఎక్కువ చేయకండి. రెండు మూడు నెలలకు సరిపడా చేసుకుని, మిగతా నూనెను చీకటి చోట నిండా పోసిన సీసాలో దాచండి. వాసన ఘాటుగా మారితే ఇక చర్మానికి వాడకండి, దీపానికి వాడుకోండి.

ఎలా వాడాలి, ఎవరు వాడకూడదు

రాత్రి కాళ్లు కడిగి, తుడిచి, పగుళ్ల మీద పలుచగా రాయండి. నాట్లప్పుడు బురదలో నానిన కాళ్లకు, పత్తి ఏరి గీరుకుపోయిన వేళ్ల చుట్టూ పొడిబారిన చర్మానికి ఇది మెత్తదనం ఇస్తుంది. చర్మంలోని తేమ ఆరిపోకుండా కాపాడటమే దీని పని. గాయాన్ని మాన్పే మందుగా దీన్ని నమ్ముకోకండి.

* మొదటిసారి మోచేతి లోపలి వైపు కొద్దిగా రాసి ఒక రోజు ఆగండి. దురద, ఎర్రదనం వస్తే వాడవద్దు.
* రక్తం, చీము కారే పగుళ్ల మీద, కాలిన చోట, కళ్లలో, చెవుల్లో వేయకండి.
* షుగర్ ఉన్నవారి కాలికి చిన్న పగులు వచ్చినా ఇంటి మలాముతో రోజులు గడపకండి. వెంటనే ఆసుపత్రిలో చూపించండి. ఆలస్యమైతే వేలు, పాదం పోయే ప్రమాదం ఉంది.
* పురుగు మందు కొట్టిన చేతులకు సబ్బుతో బాగా కడగకుండా నూనె గానీ మలాము గానీ రాయకండి.
* పసిపిల్లలకు డాక్టరును అడగకుండా రాయకండి.

చెక్కతో జాగ్రత్త

నూనె తీయగా మిగిలే ఇప్ప చెక్కను పల్లి చెక్కలా పశువులకు, మేకలకు పెట్టకూడదు. సపోనిన్ల వల్ల అది విషం. చేపల చెరువుల్లో అక్కరలేని చేపలను చంపడానికి ఎకరాల లెక్కన వాడేది ఈ చెక్కనే. ఆ విషం నీటిలో రెండు మూడు వారాలు ఉంటుంది. అందుకే చెక్కను బావి, కుంట, పశువులు తాగే తొట్టి దగ్గర పోయకండి, వాన నీటితో కొట్టుకుపోయే చోట నిల్వ చేయకండి.

ఎరువుగా మాత్రం ఇది మంచిదే. ఇందులో సుమారు 2.5 శాతం నత్రజని, 0.8 శాతం భాస్వరం, 1.8 శాతం పొటాష్ ఉంటాయి. నేలలో నెమ్మదిగా కుళ్లుతుంది కాబట్టి విత్తడానికి మూడు నాలుగు వారాల ముందే పొడి చేసి దుక్కిలో కలపాలి.

అమ్మాలా, నూనె తీయాలా

చిన్న తరహా అటవీ ఉత్పత్తులకు మద్దతు ధర పథకాన్ని కేంద్రం 2013-14లో మొదలుపెట్టింది. ఇప్ప గింజ మొదటి నుంచీ ఆ జాబితాలో ఉంది. 2020 మేలో దాని ధరను కిలోకు 25 రూపాయల నుంచి 29 రూపాయలకు పెంచారు. ఈ ఏటి ధర ఎంతో, మీ దగ్గర కొనుగోలు ఎప్పుడో గిరిజన సహకార సంస్థ డిపోలో గానీ, ఉట్నూరు ఐటీడీఏలో గానీ అడిగి తెలుసుకోండి. ధర తెలియకుండా సంతలో సంచి దించకండి.

కిలో 29 రూపాయల లెక్కన పది కిలోలు అమ్మితే 290 రూపాయలు. ఆ గింజల నుంచి వచ్చే ఏడు కిలోల పలుకులను మిల్లులో ఆడిస్తే సుమారు 2.45 కిలోల నూనె. అంటే మిల్లు కూలి, దారి ఖర్చు కలపకముందే కిలో నూనె మీకు సుమారు 118 రూపాయలు పడుతుంది. నూనె కొనేవారు ఖాయంగా ఉంటేనే ఎక్కువ ఆడించండి. ఇంటికైతే ఐదారు కిలోల పలుకులు ఆడించుకుంటే ఏడాది పొడవునా కాళ్లకు, చేతులకు సరిపోతుంది. మిగతావి బాగా ఆరబెట్టి అమ్ముకోవడమే చాలామంది చిన్న రైతులకు లాభం.

మలాము ఇంట్లో వాడుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. డబ్బాల్లో నింపి అమ్మాలంటే మాత్రం కాస్మెటిక్స్ నియమాలు 2020 ప్రకారం తయారీ లైసెన్సు కావాలి. రోగం తగ్గిస్తుందని రాసి అమ్మితే ఆయుర్వేద మందుల లైసెన్సు కిందికి వస్తుంది. మహిళా సంఘాలు ఈ పని మొదలుపెట్టాలనుకుంటే పెట్టుబడి పెట్టకముందే ఐటీడీఏ అధికారులతో మాట్లాడాలి.

చెట్టుకు కొన్ని గింజలు

ఇప్ప చెట్టు కాపుకు రావడానికి 8 నుంచి 15 ఏళ్లు పడుతుంది. చెట్టు కింద గింజ ఒక్కటి కూడా మిగల్చకుండా ఏరితే, తాతలు వదిలిన చెట్లే తప్ప కొత్తవి రావు. ప్రతి చెట్టు కింద కొన్ని మంచి గింజలు వదిలేయండి. ఇప్ప విత్తనం ఎక్కువ రోజులు మొలక శక్తి నిలుపుకోదు. కాబట్టి నాటాలనుకున్నవారు ఏరిన వారం పది రోజుల్లోనే, ఎండబెట్టని గింజను గట్టు మీద రెండు సెంటీమీటర్ల లోతున నేరుగా పెట్టాలి. తల్లివేరు లోతుగా పోతుంది, తర్వాత పీకి నాటితే బతకడం కష్టం. మొదటి రెండేళ్లు మేకలు తినకుండా ముళ్ల కంప వేయండి.

గుర్తుంచుకోవలసినవి

* రాలిన పండు కాయలనే ఏరండి, గుజ్జు అదే రోజు తీయండి.
* పలుకు టక్కున విరిగేదాకా ఎండబెట్టండి. చెమ్మ తగిలిన పలుకు నూనె చర్మానికి పనికిరాదు.
* మలాములో నీటి చుక్క కూడా చేరకూడదు.
* పుండు మీద, షుగర్ ఉన్నవారి పాదాల మీద ఇంటి వైద్యం వద్దు.
* చెక్క పొలానికి, పశువులకు కాదు.