కొలిమి చదువు

కొలిమి దగ్గఱ ఆడుకొనవద్దని పెద్దలు కోప్పడని పల్లె తెలుగుదేశమున లేదు. ఆ మాట విని వెంటనే ఇంటికి మరలిన పిల్లవాడును లేడు. తిత్తి ఉబ్బుట, నిప్పు ఎగయుట, కాలిన కఱ్ఱు దాగలి మీద మైనమువలె సాగుట - ఇంతకు మించిన వేడుక ఆ వయస్సున వేఱొకటి లేదు. అయినను మన గ్రామచరిత్రలు వ్రాయువారు గుడిని, చెఱువును, గడిని వర్ణించి, కొలిమిని ఒక్క వాక్యముతో దాటిపోవుదురు. మన గ్రంథాలయ రజతోత్సవ సంచికలో ఆ లోటును కొంతవఱకైనను తీర్పవలెనని ఈ వ్యాసమునకు పూనుకొంటిని.

పూర్వము గ్రామమున పన్నిద్దఱు ఆయగాండ్రలో కమ్మరి యొకడు. కఱ్ఱు మొద్దువాఱిన నాడు రైతు నాగలి కదలదు. ఇరుసు విఱిగిన నాడు బండి కదలదు. కొడవలి, గొడ్డలి, గడ్డపాఱ, బావిగిలకకు ఇరుసు, తలుపునకు గొళ్ళెము - అన్నియు ఆ పాకలోనే పుట్టవలెను. పని చేసిన నాడు కూలి లేదు. పంట ఇంటికి వచ్చు నాడు కళ్ళమున మేర కొలుచుకొని పోవుటయే. ఖమ్మము మెట్టభూములు తూర్పునకు సాగి భద్రాచలపు టడవులలో కలియు మన వైపున కమ్మరికి రైతుతో పాటు అడవియు అక్కఱకు వచ్చెడిది. కోయగూడెములకు గొడ్డళ్ళు, బాణపుములుకులు కావలెను. కొలిమికి బొగ్గు కావలెను.

తెలంగాణమున ఇనుము పని నిన్న మొన్నటిది కాదు. జనులు రాక్షసగుళ్ళని పిలుచు ప్రాచీన సమాధులను త్రవ్విన చోట్ల ఇనుప బరిసెలు, గొడ్డళ్ళు దొరకినవి. కాని ఈ సీమకు దేశాంతరములలో కీర్తి తెచ్చినది ఇనుము కాదు, ఉక్కు. 17వ శతాబ్దమున పలుమాఱులు మన దేశమునకు వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే, ఖడ్గముల మీద అలలవంటి చాఱలు తేల్చుటకు పారసీకులు వాడు ఉక్కు గోలకొండ రాజ్యమునుండియే వచ్చుచున్నదని వ్రాసెను. ఐరోపావారు డమాస్కసు కత్తులని మెచ్చుకొనిన వానిలో పెక్కింటికి పుట్టినిల్లు మన కొలుములే. ఉక్కు అను మన మాటయే ఆంగ్లేయుల నోట ‘వూట్జ్’ అయినదని పలువురు పండితుల తలంపు.

ఆ ఉక్కు వండిన ఊళ్ళలో ప్రసిద్ధమైనది నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము. లాంబ్టను దొర భూమాపన బృందమున వైద్యుడుగను, భూగర్భశాస్త్రవేత్తగను పనిచేసిన హెన్రీ వోయ్సీ 1820 ప్రాంతమున ఆ ఊరికి పోయి, తాను చూచిన దెల్ల వ్రాసికొనెను. అతడు 1824లో మరణించెను. ఆ వ్రాత 1832లో బెంగాలు ఏషియాటికు సొసైటీ పత్రికలో అచ్చయినది. అతడు చెప్పిన పద్ధతి యిది. రెండు వేఱు వేఱు ఊళ్ళ ఇనుమును మూడు పాళ్ళకు రెండు పాళ్ళుగా కలిపి మట్టిమూసలో ఉంచి, పైన మట్టితోనే మూతవేసి, ఒక పగలును ఒక రాత్రియు ఎడతెగక తిత్తు లూదుదురు. మూస చల్లాఱిన పిమ్మట పగులగొట్టగా ఉక్కుబిళ్ళ వచ్చును. అది అప్పటికి పెళుసు. సుత్తె పడిన పగులును. అందుచేత దానికి మట్టి పూసి మరల కాల్చుట, చల్లార్చుట, ఇట్లు మూడు నాలుగు మాఱులు చేసిన గాని పనికి లొంగదు. ఆ మూసల మట్టిలో వడ్లపొట్టు కలిపిరని ఇటీవలి పరిశోధకులు పెంకులను పరీక్షించి తేల్చిరి. ఊక యని మనము తగులబెట్టునది లోకమునకెల్ల మేలైన ఉక్కును కన్న మూసలో భాగమైనది!

వోయ్సీ అక్కడ ఇస్పహాను నుండి వచ్చిన వర్తకు నొకనిని చూచెను. ఆ పారసీకుడు సముద్రము దాటి, ఎడ్లదారుల బడి వచ్చి, ఆ చిన్న పల్లెలో మకాము చేసి ఉక్కు కొనుచుండెను. తమ దేశమున ఈ ఉక్కును చేయజూచి విఫలులైరని అతడే చెప్పెనట. మూసను చూచినారు, నిప్పును చూచినారు, పాళ్ళను చూచినారు, అయినను రాలేదు. చూచుట వేఱు, వచ్చుట వేఱు.

దాదాపు ఆ సంవత్సరములలోనే లండనులో ఒక యువకుడు మన ఉక్కుముక్కను పరీక్షించుచుండెను. 1795లోనే జార్జి పియర్సను దీనిని గూర్చి రాయల్ సొసైటీకి వ్యాసము సమర్పించి యుండెను. తరువాత పూనుకొనినవాడు మైకేలు ఫారడే. 1819లో అతడు వూట్జ్ ఉక్కును విశ్లేషించి, పిమ్మట కత్తుల పనివాడైన స్టోడార్టుతో కూడి ఉక్కుమిశ్రమములపై 1820, 1822 సంవత్సరములలో వ్యాసములు ప్రకటించెను. అతని మొదటి విశ్లేషణ తప్పని తరువాత తేలినది. కాని ఆ తప్పునుండియే మిశ్రమపు టుక్కులను వెదకు దారి తెఱచుకొనినది. గ్రంథాలయ పాఠకులు గుర్తింపవలసిన సంగతి మఱియొకటి కలదు. ఫారడే కమ్మరి కొడుకు. బడిచదువు కొలదియే. 1805లో, పదునాలుగవ ఏట, పుస్తకములు కుట్టు అంగడిలో పనికి కుదిరి, కుట్టుటకు వచ్చిన గ్రంథములనే చదివి శాస్త్రజ్ఞుడైనాడు. కోనసముద్రపు కమ్మరి కొడుకునకు అట్టి అంగడి ఏదీ?

ఈ విద్య ఎట్లు పోయినదో చెప్పుటకు పెద్ద గ్రంథము కావలెను. 1856లో బెస్సెమరు పద్ధతి వచ్చి సీమ ఉక్కు చవుకయ్యెను. రైళ్ళు దానిని ఊరూరికి మోసెను. అడవుల మీద కట్టుబాట్లు వచ్చెను. భద్రాచలము తాలూకా 1874లో గోదావరి జిల్లాలో చేర్పబడి మదరాసు ప్రభుత్వము క్రిందికి పోయెను. 1882లో మదరాసు అడవిచట్టము వచ్చెను. బొగ్గు కాల్చుట నేరమైన చోట ఉక్కు వండుట యెట్లు? మన ఇల్లెందులో దొరకిన నేలబొగ్గును త్రవ్వు హక్కును 1886లో ఇంగ్లండు కంపెనీ యొకటి సంపాదించెను. అది రైలింజనుల కడుపు నింపుటకు మొదలైనదే గాని, కాలక్రమమున రాక్షసిబొగ్గు అను పేర పల్లె కొలుములకును ప్రాకెను. కమ్మరి ఉక్కు వండుట మాని, పాత రైలుపట్టాలను, లారీ కమానుపట్టలను కాచి కొడవళ్ళు చేయువాడయ్యెను. ట్రాక్టరు వచ్చిన పిమ్మట కఱ్ఱు పనియు తగ్గెను. 2010లో ఇంగ్లండులోని ఎక్సెటరు విశ్వవిద్యాలయము వారును, బెంగుళూరు పండితులును కలిసి ఉత్తర తెలంగాణమున తిరిగి, ఊరూర చిట్టెపు గుట్టలను, మూసపెంకులను లెక్కవ్రాసిరి. మిగిలినవి అవియే.

కాని నా అభిప్రాయమున రైళ్ళు, చట్టములు మాత్రమే కారణములు కావు. ఈ విద్య చేతిలో ఉండెను, కాగితము మీద లేదు. ఒక కులమున ఉండెను, ఊరికి రాలేదు. తండ్రి కొడుకునకు నేర్పెను, అదియు మాటలతో కాదు. ఆఱేడేండ్ల బాలుడు మొదట తిత్తి లాగవలెను. తిత్తి లాగుచు నిప్పురంగు చూడవలెను. మసకయెఱుపు, మోదుగపూవు రంగు, పసిమి, చివరకు మినుకురవ్వలు చిమ్ము తెలుపు - ఏ రంగున వంచవచ్చునో, ఏ రంగున అతుకవచ్చునో, ఏ రంగు దాటిన ఇనుము మాడిపోవునో అతనికి ఏండ్ల తరబడి కన్నే నేర్పెను. పిమ్మట సమ్మెట. గురువు చిన్నసుత్తెతో చూపిన చోట శిష్యుడు సమ్మెట వేయును. సుత్తె దాగలి మీద ఊరక మ్రోగిన నిలుపవలెనని గుర్తు. కమ్మరి ఇంటి స్త్రీలు తిత్తి లాగుటయే కాక సమ్మెటయు వేయుట మనము చూచినదే. వారిని ఎవరును కమ్మరులని లెక్కింపలేదు. నేనును చిన్ననాడు తిత్తి లాగినవాడనే. నల్లగా కనబడిన ముక్క చల్లనిదని పట్టుకొంటిని. ఆ మచ్చ నేటికిని బొటనవ్రేలి మీద ఉన్నది.

అమెరికాలో ఈ కథ వేఱొక మలుపు తిరిగినది. అచ్చటను కొలుములు మూతపడుచుండగా, అలెక్సు బీలరు 1969లో కమ్మరపు పనిపై ఒక గ్రంథము వ్రాసెను. 1973లో జార్జియా రాష్ట్రమున కొందఱు కూడి కమ్మరుల సంఘము నొకటి స్థాపించిరి. ఆ సంఘపు నీడన వృత్తివారితో పాటు ఉద్యోగులు, ఉపాధ్యాయులు, రైతులు తీరికవేళల వేడుకగా ఇనుము సాగగొట్టుట నేర్చిరి. గుఱ్ఱములకు లాడములు కొట్టు ఆల్ఫ్రెడు పెండ్రే అనునతడు వెర్‌హోవెను అను ఆచార్యునితో కలిసి ఏండ్లతరబడి మూసలు కాల్చి, 1990 దశకమున అలల ఉక్కును మరల పుట్టించెను. ఇనుములోని వనాడియము వంటి లోహముల లవలేశమే ఆ అలలకు కారణమని వారు 1998లో ప్రకటించిరి. కోనసముద్రపు పెద్దలు ఫలాని ఊరి ఇనుమే కావలెనని పట్టుపట్టుటలో ఏదో అర్థమున్నదని దీనివలన ఊహింపవచ్చును.

మన పిల్లలకు ఉక్కు వండుట నేర్పుడని నేను చెప్పను. సెలవులలో నెలకు నాలుగు దినములు కొలిమి నేర్పుటకు ఎక్కువ సరంజామా అక్కఱలేదు. దాగలి దొరకనిచో పాత ఇనుము అంగడిలో కొన్న మూఱెడు రైలుపట్టా ముక్కను తుమ్మమొద్దులో బిగించిన చాలును. చేత త్రిప్పు గాలిచక్రము, రెండు పటకారులు, ఒక ఉలి, ఆకురాయి, తేలికసుత్తె, నీళ్ళతొట్టి, తుమ్మబొగ్గు. సమ్మెట పిల్లల కియ్యరాదు. నూలుబట్టలే కట్టవలెను, నైలాను నిప్పురవ్వకు కరగి ఒంటి కంటును; చెప్పులు, కండ్లద్దములు తప్పనిసరి. తుత్తునాగపు పూత గల రేకులను కాల్చనీయరాదు, ఆ పొగ జ్వరము తెచ్చును. పండ్రెండేండ్లు నిండని వారు చూచిన చాలును.

మొదటి దినము నిప్పే వలదు. ఒండ్రుమట్టిని పలకగా చేసి సుత్తెతో కొట్టింపవలెను. కాలిన ఇనుము ఎట్లు సాగునో మట్టియు అట్లే సాగును, ఎవరికిని చేయి కాలదు. రెండవ దినము రంగులు. ఇక్కడ తాతలకు లేని సౌకర్య మొకటి మనకు కలదు. దారమున అయస్కాంతమును వ్రేలాడగట్టి కాలిన ఉక్కును దగ్గఱకు తెండు. సుమారు 770 డిగ్రీలు దాటగానే అది అంటుకొనదు. ఉక్కును నీట ముంచి పదును పెట్టు వేడి ఆ మెట్టునకు కొంచెము పైననే యుండును. ఏండ్లపాటు కన్ను నేర్చినదానిని పిల్ల పూటలో గుర్తింపగలదు. చేయి మాత్రము తన ఏండ్లు తాను తీసికొనును. నేర్పువాడు మాత్రము కొలిమిలో పెరిగిన పెద్దవాడే కావలెను. అతనికి గౌరవముతో పాటు దినవెచ్చమును ఇయ్యవలెను. అతడు నోట చెప్పినదానిని ఎవరైనను వ్రాసికొని, ఆ వ్రాతప్రతిని మన బీరువాలో భద్రపఱచవలెను. ఆడపిల్లలను వేఱుగా కూర్చుండబెట్టరాదు.

మూడవ దినము పిల్లలు మొదటి వస్తువుగా కొక్కెము చేయుదురు: కడ్డీ కొన సాగదీసి, వంచి, మేకునకు రంధ్రము పొడుచుట, అంతే. మన చదువుగదిలో వార్తాపత్రికలు బల్లమీద కుప్పపడి నలుగుచున్నవి. గోడకు ఆఱు కొక్కెములు చాలును.