కారాగార శిక్ష నిలుపుదల – దాని యెల్లలు

నేరము రుజువైన పిమ్మట శిక్షను విధించి, విధించిన దానిని వెంటనే అమలు జరుపక, దోషి నిర్ణీతకాలము సత్ప్రవర్తనతో మెలగినచో దాని ననుభవింప నక్కరలేదనియు, మరల నేరమునకు పాల్పడినచో పాత శిక్షయు కొత్త శిక్షయు కూడి మీదపడుననియు నిర్ణయించు పద్ధతి పందొమ్మిదవ శతాబ్ది చివర ఐరోపా ఖండమున వేళ్ళూనినది. 1888లో బెల్జియము న్యాయమంత్రి జూల్ లెజ్యూన్ చేయించిన చట్టము దీనికి తొలిరూపములలో ఒకటి. మూడేండ్లలో సెనేటర్ బెరాంజే పట్టుదలచే ఫ్రాన్సును ఆ బాట పట్టినది. అయితే ఈ వెసులుబాటు పుట్టుకతోనే ఎల్లలతో పుట్టినది. బెల్జియమున ఆరు మాసములకు మించని శిక్షలకు, అదియును పూర్వము శిక్ష పడనివారికి మాత్రమే అది దక్కెడిది. తొలితప్పు చేసినవానిని చెరసాలలో ఆరితేరిన దొంగల సాంగత్యమున చెడగొట్టవలదన్నదే దాని కర్తల ఆశయము గాని ఘోరనేరములను తేలికపరచుట వారి తలంపు కాదు.

ఇంగ్లండు ఈ పద్ధతిని చాలకాలము దరిచేరనీయలేదు. తుదకు 1967లో, రాయ్ జెంకిన్స్ హోంమంత్రిగా నుండగా, క్రిక్కిరిసిన కారాగారముల భారమును తగ్గింపవలెనను ఆతురతతో పార్లమెంటు, రెండేండ్లకు మించని శిక్షలను నిలిపివేయు అధికారమును న్యాయస్థానముల కిచ్చుటయే గాక, ఆరు మాసములకు మించని శిక్షలను సామాన్యముగ నిలిపివేసి తీరవలెనని శాసించినది. అట్లు శాసించుచును ఒక మినహాయింపును మరువలేదు: ఇతరులపై దౌర్జన్యము చేసినవారికిని, హింసింతుమని బెదరించినవారికిని, మారణాయుధములు దగ్గర నుంచుకొనినవారికిని ఈ నిర్బంధము వర్తింపదు, అట్టివారికి నిలుపుదల ఇచ్చుటయో మానుటయో న్యాయమూర్తి విచక్షణకే విడువబడినది. పోలీసుపై చేయిచేసుకొనినవాడును ఈ కోవలోనివాడే. సొత్తుపై జరిగిన నేరమునకును శరీరముపై జరిగిన నేరమునకును నడుమ ఆనాడు గీసిన ఈ గీత, తరువాతి చర్చల కన్నిటికిని ఆధారమని నా యభిప్రాయము.

కాని నిర్బంధ నిలుపుదల అనుకొన్న ఫలము నీయలేదు. జరిమానాతోనో ప్రొబేషన్‌తోనో పోవలసినవారికి సైతము న్యాయమూర్తులు నిలిపివేసిన కారాగార శిక్షను విధింపసాగిరి. వారిలో కొందరు మరల తప్పు చేయగా రెండు శిక్షలును ఒకదాని వెంట నొకటి అనుభవింపవలసివచ్చి, ఖాళీ కావలసిన చెరసాలలు నిండినవి. జైలు శిక్షయే తగునని మొదట నిశ్చయించుకొని, ఆ మీదటనే నిలుపుదల మాట తలపవలెనని 1969లో ఓకీఫ్ కేసున అప్పీలు న్యాయస్థానము హెచ్చరింపవలసివచ్చినది. 1972 నాటి చట్టము ఆ నిర్బంధమును తొలగించినది; 1991 నాటిది అసాధారణ పరిస్థితులున్న తప్ప నిలుపుదల కూడదని బిగించినది; 2003 నాటిది షరతులు జోడించి మరల తలుపు తెరచినది.

2018లో పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది, అంబులెన్సు సిబ్బంది మొదలగువారిపై దాడికి ప్రత్యేక చట్టమొకటి వచ్చి, సామాన్యమైన దాడికి ఆరు మాసములున్న గరిష్ఠ శిక్షను వీరి విషయమున ఏడాదికి పెంచగా, 2022లో అది రెండేండ్లైనది. ఆ నాటికి రెండేండ్ల వరకును శిక్షలను నిలిపివేయవచ్చును గనుక, ఇంత పెంచియు ఆ చట్టము క్రింద పడు శిక్ష ప్రతిదియు నిలుపుదలకు లోబడియే యుండెను! గరిష్ఠ పరిమితిని పెంచి ప్రజలను తృప్తిపరచుట సులభము. నిలుపుదల ఎప్పుడు తగదో చెప్పుట కష్టము. ఆ కష్టమును శాసనకర్తలు తప్పించుకొనిరనియే నేననుకొందును.

మన దేశమున ఈ కథ వేరొక దారిని నడచినది. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు 562వ సెక్షను క్రింద శిక్షయే విధింపక, సత్ప్రవర్తనకు పూచీకత్తు వ్రాయించుకొని విడుచుట మనకు అలవడినది. అప్పటి మద్రాసు రాష్ట్రము 1936లోనే ప్రొబేషన్ చట్టము చేసికొనుటచే కోస్తా, రాయలసీమ జిల్లాల వారి కిది తెలియని వ్యవహారము కాదు. 1958 నాటి కేంద్ర చట్టము మరణశిక్షకో యావజ్జీవ శిక్షకో అర్హములైన నేరములను తప్ప తక్కిన వానికెల్ల, నేర స్వభావమును నేరస్థుని శీలమును చూచి ప్రొబేషన్ ఈయవచ్చునన్నది. తరువాత ఒక్కొక్క చట్టము ఒక్కొక్క తలుపు మూసినది: 1976లో ఆహారకల్తీకి, 1985లో మాదకద్రవ్యములకు, 1989లో షెడ్యూల్డు కులముల, తెగల వారిపై అత్యాచారములకు. మాదకద్రవ్యాల చట్టము అప్పీలు దశలో శిక్షను నిలుపు అధికారమును సైతము లాగికొనగా, అంతవరకు అది రాజ్యాంగవిరుద్ధమని 2000లో దాదూ కేసున సుప్రీంకోర్టు కొట్టివేసినది.

పోలీసులపై దౌర్జన్యమునకు మాత్రము ఆ తలుపు మూయబడలేదు. విధినిర్వహణలోనున్న ప్రభుత్వోద్యోగిని గాయపరచుటకు మూడేండ్లుగా నున్న గరిష్ఠ శిక్షను, 2024 జూలైలో అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహిత ఐదేండ్లకు పెంచి, తీవ్రగాయమైనచో కనీసము ఏడాది శిక్ష యుండవలెనన్నది. తలుపు మూయక శిక్ష పెంచుట సమంజసమే. ఊరేగింపు త్రోపులాటలో కానిస్టేబులును నెట్టిన కుఱ్ఱవానిని, ఇసుక లారీని ఆపబోయిన కానిస్టేబులుపైకే బండిని తోలినవానిని ఒకే గాటకట్టుట న్యాయము కానేరదు. అయినను రెండవవానికి దయచూపు న్యాయమూర్తి, దానికి కారణము వ్రాయకుండ పోరాదు. అప్పీలు దశలో శిక్ష నిలుపుటకు కారణములు వ్రాయుట మన కోడులో మొదటినుండియు తప్పనిసరి. పదేండ్లు మొదలు పైబడిన శిక్షకు అర్హమగు నేరములలో పబ్లిక్ ప్రాసిక్యూటరుకు లిఖితపూర్వకముగ ఆక్షేపణ తెలుపు అవకాశ మీయవలెనని 2005 నాటి సవరణ చేర్చినది. ఆ రెండు నియమములను విచారణ న్యాయస్థానములో ప్రొబేషన్ ఇచ్చు సమయమునకును తెచ్చి, గాయపడిన కానిస్టేబులు మాటను సైతము ఆలకింపవలెనని చేర్చినచో, ఇంకొక నిషేధమును చట్టమున కెక్కింపవలసిన పని యుండదు.