విరుదునగర్ దారిలో ఒక ఉక్కు పెట్టె కథ

2025 అక్టోబరు 2తో చెన్నై పెరంబూరులో రైలు పెట్టెలు చేసే ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీకి 70 ఏళ్లు నిండాయి. ఆ కథను రాజపాళయం నుంచి మొదలుపెట్టడానికి కారణం ఉంది.

రాజపాళయం రాజులు విజయనగర కాలంలో దక్షిణానికి తరలివెళ్లిన తెలుగువాళ్లు. పడమటి కనుమల అంచున స్థిరపడి, చుట్టూ తమిళం ఉన్నా ఇంట్లో తెలుగు నిలుపుకున్నారు. మధ్యలోని శతాబ్దాలను దాటేసి 1927కి వద్దాం. ఆ ఏడు విరుదునగర్ నుంచి రాజపాళయం మీదుగా తెన్‌కాశికి మీటర్ గేజి రైలు దారి పడింది. అప్పట్లో జనం ఎక్కిన పెట్టెలు చాలావరకు ఇనుప చట్రం మీద చెక్కతో కట్టినవే. చట్రాలూ చక్రాలూ బ్రిటన్ నుంచి ఓడల్లో దిగేవి. ఇక్కడి వర్క్‌షాపుల్లో వడ్రంగులు పైభాగం కట్టేవారు. రెండు రైళ్లు గుద్దుకుంటే ఒక పెట్టె మరోదాన్ని చీల్చుకుంటూ లోపలికి పోయేది.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి యుద్ధకాలం వాడకంతో పెట్టెలు అరిగిపోయి ఉన్నాయి, జనం కిక్కిరిసి ఉన్నారు. 1949లో కేంద్రం పెరంబూరులో పెట్టెల తయారీకి స్విట్జర్లాండ్‌లోని ష్లీరెన్ కంపెనీతో ఒప్పందం చేసుకుంది. జూరిచ్ పక్కన రైలు పెట్టెలూ లిఫ్టులూ చేసే కంపెనీ అది. అప్పటి రైల్వే మంత్రి గోపాలస్వామి అయ్యంగార్. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే మద్రాసు ప్రభుత్వ పగ్గాలు చేపట్టినవారు రాజపాళయం బిడ్డ పి.ఎస్. కుమారస్వామి రాజా. 1955లో నెహ్రూ ఫ్యాక్టరీ ప్రారంభించేనాటికి ఆయన ఒరిస్సా గవర్నరు. మద్రాసు ముఖ్యమంత్రి విరుదునగర్‌కు చెందిన కామరాజ్. ఒప్పందం నాటి మద్రాసు నేతదీ ప్రారంభం నాటి నేతదీ ఒకే రైలు దారి. కుమారస్వామి రాజా సొంతింటిని ఊరికి ఇచ్చేశారు, అదే నేటి గాంధీ కలై మన్రం. పెరంబూరు ఒప్పందం కేంద్రానిదే అయినా, జనానికి ఏదైనా మిగిల్చి వెళ్లాలని ఆ తరం నాయకులు చాలామందిలో కనిపించే తపన అందులోనూ ఉంది.

ఆ ఆరేళ్ల కథ ఎన్నిసార్లు తలచుకున్నా నాకు తనివి తీరదు. స్విస్ నిపుణులు పెరంబూరు వచ్చి పని నేర్పారు. చెక్కకు అలవాటుపడిన దేశంలో ఉక్కు రేకులను వెల్డింగుతో అతికించి, గోడలూ కప్పూ అడుగు చట్రమూ కలిసి బరువు మోసే పెట్టెను నిలబెట్టారు. ఢీకొన్నప్పుడు కొసలు ముందు నలిగి, జనం కూర్చున్న భాగం నిలిచేలా దాన్ని రూపొందించారు. కింద చుట్టల స్ప్రింగులు, కుదుపు తగ్గించే నూనె గొట్టాలు అమర్చారు. మొదట పెరంబూరులో ఒట్టి పెట్టెలే తయారయ్యేవి. సీట్లు, దీపాలు, పంకాలు వేరేచోట బిగించేవారు. 1962 అక్టోబరు 2న ఆ పనికీ అక్కడే ఫర్నిషింగ్ విభాగం తెరిచారు. ఏడాదికి 350 పెట్టెలు చేయాలని తలపెట్టిన ఫ్యాక్టరీ అది. 2018-19లో మూడు వేలు దాటింది.

నేర్చుకున్నవాళ్లు అక్కడితో ఆగలేదు. 1970 ప్రాంతంలో తైవాన్‌కు పెరంబూరు పెట్టెలు వెళ్లాయి. నీలిరంగు వేసిన ఆ బండ్లు దక్షిణ తైవాన్ కొండల్లో 2020 చివరిదాకా రోజువారీ సర్వీసులో నడిచాయి. ఏసీ లేదు, కిటికీ ఎత్తితే సముద్రపు గాలి. ఆ సర్వీసు చివరి ప్రయాణానికి అక్కడి రైలు ప్రేమికులు తరలివచ్చారు. నేర్పిన ష్లీరెన్ మాత్రం 1985లో మూతపడింది. అమెరికాలో పుల్‌మన్, బడ్ కంపెనీలు కూడా అదే దశాబ్దంలో ప్రయాణికుల పెట్టెల తయారీ మానేశాయి. ఆ దేశం నేడు రైళ్లకు సీమెన్స్, ఆల్‌స్టోమ్, కవాసాకీల మీద ఆధారపడుతోంది.

ఇక్కడి నుంచి మన కథ సూటిగా సాగదు. వరంగల్ పక్కన కాజీపేటకు అనుకున్న కోచ్ ఫ్యాక్టరీ 1985లో పంజాబ్‌లోని కపుర్తలాకు పోయింది. ఆ గాయం ఓరుగల్లుకు ఇంకా మానలేదు. 1995లో జర్మనీ కంపెనీ ఎల్‌హెచ్‌బీ నమూనా పెట్టెలకు ఒప్పందం కుదిరింది. తొలి 24 అక్కడి నుంచే వచ్చినా, పని కపుర్తలా నేర్చుకుంది. 2018లో పాత నమూనా పెట్టెల తయారీ పెరంబూరులో ఆగింది. అదే ఏడాది అక్కడి ఇంజనీర్లు పద్దెనిమిది నెలల్లో, దాదాపు వంద కోట్లతో ట్రెయిన్ 18 కట్టారు. నేటి వందే భారత్ అదే. దాని మోటార్ల వ్యవస్థను అందించింది హైదరాబాద్ మేధా సంస్థ. ఇంతటి సత్తా చూపించాక పెద్ద ఆర్డర్లు ఇంటికే దక్కాలి కదా! కానీ 120 స్లీపర్ వందే భారత్ రైళ్ల పని రష్యా కంపెనీ టీఎంహెచ్, మన రైల్వే సంస్థ ఆర్‌వీఎన్‌ఎల్ కలిసి పెట్టిన ఉమ్మడి సంస్థకు వెళ్లింది. రైళ్లు లాతూరులోని రైల్వే ఫ్యాక్టరీలో తయారవుతాయి. 35 ఏళ్ల నిర్వహణ బాధ్యతా చేసినవాళ్లదే. హైదరాబాద్ మెట్రో రైళ్లు కొరియా నుంచి ఓడలో వచ్చాయి. మరోవైపు తడ దగ్గర శ్రీసిటీలో ఆల్‌స్టోమ్ కట్టిన రైళ్లు సిడ్నీలో తిరుగుతున్నాయి. అక్కడ చెమటోడ్చేది మన పిల్లలే, డిజైన్ హక్కులు మాత్రం ఫ్రెంచి కంపెనీవి.

విదేశీ చెయ్యి తగలడం తప్పని నేననను. పెరంబూరు పుట్టిందే ఆ చేయి పట్టుకుని. ష్లీరెన్ నేర్పి వెళ్లిపోయింది, డ్రాయింగులు మన దగ్గర మిగిలాయి, వాటిని మార్చుకుంటూ ఆరు దశాబ్దాలు పెట్టెలు చేశాం. లాతూరులో 35 ఏళ్లు గడిచాక మన చేతిలో ఏం మిగులుతుందో ఒప్పందంలోనే రాసి ఉండాలి. కాజీపేటలో 2023 జులైలో శంకుస్థాపన జరిగిన రైల్వే తయారీ యూనిట్‌లోనూ వెల్డింగు కొలువులతో పాటు డిజైన్ గది కావాలని వరంగల్ ప్రాంత ఎంపీలు, ఎమ్మెల్యేలు ఇప్పుడే పట్టుబట్టాలి.