ఉపగ్రహ ఐఓటీలో రాండమ్ యాక్సెస్

ఒకే రేడియో మార్గాన్ని పంచుకునే పరికరాలు ముందస్తు కేటాయింపు లేకుండా, అవసరం పడినప్పుడు సందేశం పంపే పద్ధతిని రాండమ్ యాక్సెస్ అంటారు. యాదృచ్ఛిక ప్రవేశం అన్న అనువాదమూ ఉంది కానీ ఇంజనీరింగ్ తరగతుల్లో మొదటి మాటే వాడుక. ఐఓటీ (వస్తువుల అంతర్జాలం) పరికరాలు, అంటే నదీమట్టం కొలిచే సెన్సార్లు, వర్షమాపకాలు, జంతువులకు కట్టే మెడపట్టీలు వంటివి, రోజులో ఎక్కువసేపు నిద్రలో ఉండి, ఎప్పుడో ఒకసారి కొన్ని పదుల బైట్లు పంపుతాయి. ఒక్కోదానికీ విడిగా సమయం కేటాయిస్తే అందులో చాలా భాగం ఖాళీగా పోతుంది. కేటాయించకపోతే రెండు సందేశాలు ఢీకొని రెండూ చెడతాయి.

ఈ పద్ధతికి మూలం హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం నిర్మించిన అలోహా. పుట్టిన ఏడు 1970 అని కొందరు రాస్తారు. అది ప్రతిపాదన అచ్చయిన ఏడు. జాలం పనిచేయడం మొదలైంది 1971 జూన్‌లో గనుక ఆ తేదీయే సమంజసం. ఎవరికి తోచినప్పుడు వారు పంపే తొలి రూపంలో మార్గం గరిష్ఠంగా 18.4 శాతమే ఉపయోగపడుతుంది. కాలాన్ని గళ్ళుగా విభజించి, గడి మొదట్లోనే పంపాలని నియమం పెడితే అది 36.8 శాతానికి పెరుగుతుంది. ఈ మెరుగుదల లారెన్స్ రాబర్ట్స్‌ది. దీనికి 1972, 1975 రెండు తేదీలూ కనిపిస్తాయి. మొదటిది ఆయన అంతర్గత పత్రానిది, రెండవది అచ్చయిన దానిది.

భారతదేశంలో ఐఓటీ అన్న పేరు వినపడక ముందే ఈ పని జరిగింది. వాతావరణ శాఖ 2006–07లో నెలకొల్పిన 125 ఆటోమేటిక్ కేంద్రాలు పీఆర్‌బీఎస్ అనే పద్ధతిలో ఉపగ్రహం ద్వారా పుణె భూకేంద్రానికి సమాచారం పంపేవి. అదే సమాచారాన్ని యాదృచ్ఛిక వ్యవధుల్లో ఒకటికి మించి సార్లు పంపి, ఏదో ఒక ప్రతి చేరుతుందని నమ్మడం అందులోని కిటుకు. తరువాత వచ్చిన పెద్ద జాలంలో శాఖ టీడీఎంఏకు, అంటే ఒక్కో కేంద్రానికి ఒక నిర్ణీత గడికి, మారింది.

తెలుగు తీరానికీ ఇందులో భాగం ఉంది. 1978 నుంచి నడుస్తున్న ఆర్గోస్ వ్యవస్థలో సముద్రపు బోయాలు, పక్షుల ట్యాగులు చాలాకాలం పాటు ఉపగ్రహం పైన ఉందో లేదో తెలియకుండానే సందేశాలు వదిలేవి. ఆ వ్యవస్థ పరికరాన్ని మోసిన సరళ్ ఉపగ్రహం 2013 ఫిబ్రవరి 25న శ్రీహరికోట నుంచి వెళ్ళింది. 2022 నవంబరు 26న అక్కడి నుంచే పీఎస్ఎల్‌వీ-సీ54 ఎగిరింది. ఆర్గోస్-4ను మోసిన ఈఓఎస్-06, స్విట్జర్లాండ్ ఐఓటీ సంస్థ ఆస్ట్రోకాస్ట్ ఉపగ్రహాలు నాలుగు, హైదరాబాదు ధ్రువ స్పేస్ వారి థైబోల్ట్ జంట ఆ ఒక్క రాకెట్‌లోనే ఉన్నాయి.

భూమ్మీది సెల్ టవర్‌కు లేని రెండు చిక్కులు ఉపగ్రహానికి ఉన్నాయి. ఒకటి ఆలస్యం. 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉన్న భూస్థిర ఉపగ్రహం మీదుగా మాట వెళ్ళి జవాబు రావడానికి అర సెకను పడుతుంది. చిన్న పరికరాల కోసం మొబైల్ ప్రమాణాల సంస్థ 3జీపీపీ రూపొందించిన ఎన్‌బీ-ఐఓటీలో పరికరం, నెట్‌వర్క్ నాలుగు అంచెల్లో మాట్లాడుకున్నాకే దారి ఖాయమవుతుంది గనుక, పది బైట్ల కబురుకు సెకనుకు పైగా మేలుకొని ఉండాలి. బ్యాటరీకి అది భారం. రెండోది డాప్లర్ మార్పు. 600 కిలోమీటర్ల ఎత్తున సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల వేగంతో సాగే ఉపగ్రహానికి, 2 గిగాహెర్ట్జ్ వద్ద సంకేతం 48 కిలోహెర్ట్జ్ దాకా జరిగి కనిపిస్తుంది. ఎన్‌బీ-ఐఓటీ తలుపు తట్టే సంకేతాల మధ్య ఎడం 3.75 కిలోహెర్ట్జ్, అంటే సంకేతం పన్నెండు స్థానాలు దాటి పడుతుంది. 3జీపీపీ రిలీజ్ 17 దీనికి చెప్పిన ఉపాయం, పరికరం తన స్థానాన్ని జీపీఎస్ వంటి జీఎన్ఎస్ఎస్‌తో తెలుసుకొని, ఉపగ్రహం ప్రసారం చేసే కక్ష్యా వివరాలతో లెక్కగట్టి, కాలాన్నీ పౌనఃపున్యాన్నీ ముందే సవరించుకొని పంపడం.

సామర్థ్యం పెంచడంలో అసలు మలుపు ప్రతుల పద్ధతి. దాన్ని 2007 నాటి సీఆర్‌డీఎస్ఏతో మొదలుపెట్టడం పరిపాటి. కానీ ఒకే సందేశాన్ని పలుమార్లు పంపడం చౌధురి, రాపపోర్ట్ 1983లోనే చూపారు. 2007లో కాసిని, డి గౌడెన్జి, డెల్ రియో హెరెరోలు చేర్చింది తీసివేత: శుభ్రంగా అందిన ప్రతిని బట్టి దాని జంట ఏ గడిలో ఉందో తెలుసుకొని, అక్కడి నుంచి దాన్ని తీసేస్తే కింద నలిగిన మరో సందేశం బయటపడుతుంది. 2011లో జియాన్‌లుయిజి లివా ప్రతుల సంఖ్యను పరికరానికొక తీరుగా మార్చి ఫలితాన్ని ఇంకా పెంచాడు.

ఈ పద్ధతులను సగటు రోజు లెక్కతో కాక వరద రోజు లెక్కతో తూచాలి. ఉదాహరణకు, తమిళనాడులోని వేలూరు జిల్లా గుడియాత్తం పక్కన పారే కౌండిన్య నది పలమనేరు వైపు కొండల్లో పుట్టి, మోర్దానా ఆనకట్ట దాటి పాలారులో కలుస్తుంది. 2021 నవంబరులో గుడియాత్తం దగ్గర కౌండిన్య, సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని తిరుపతి దగ్గర స్వర్ణముఖి ఒకే వాయుగుండపు వానలకు పొంగాయి. ఉపగ్రహపు ఒకే పుంజం కిందికి రెండూ రాగలవు. వాటి ఒడ్డున సెన్సార్లుంటే అన్నీ ఒకేసారి మాట్లాడతాయి.

వంద గళ్ళున్న చట్రం తీసుకుందాం. మామూలు రోజున 40 పరికరాలు పంపితే గళ్ళ అలోహాలో దాదాపు 27 సందేశాలు దక్కుతాయి. రెండేసి ప్రతులు, తీసివేత ఉంటే దాదాపు అన్నీ దక్కుతాయి. వరద వచ్చి 200 పరికరాలు పంపాయనుకుంటే గళ్ళ అలోహా మళ్ళీ 27 దగ్గరే నిలుస్తుంది. ప్రతుల పద్ధతిలో మాత్రం దక్కేవి ఎనిమిదికి పడిపోతాయి. 400 ప్రతులు దాదాపు గళ్ళన్నిటినీ నింపేయడంతో, తీసివేత మొదలుపెట్టడానికి శుభ్రమైన గళ్ళు కొద్దిగానే మిగులుతాయి.

అందుకే ప్రతులతో పాటు అడ్డుకట్ట కూడా కావాలి. ఎన్‌బీ-ఐఓటీలో రద్దీ వేళ కొన్ని తరగతుల పరికరాలను ఆపమని ప్రసారం చేసే యాక్సెస్ బారింగ్ ఉంది. అత్యవసర కబురును మామూలు కబురు నుంచి వేరుచేసే ఎక్సెప్షన్ రిపోర్ట్ ఏర్పాటూ ఉంది. బారింగ్ సమయంలోనూ దాన్ని అనుమతించవచ్చు. గంటగంటకూ వెళ్ళే కొలతలను టీడీఎంఏ గళ్ళలో ఉంచి, మట్టం హద్దు దాటినప్పటి హెచ్చరికకు మాత్రమే రాండమ్ యాక్సెస్ వదిలితే, వరద రోజున పోటీపడేవి ఆ హెచ్చరికలే అవుతాయి.