ప్రాంసరీ నోటు నుంచి రాజ్యాంగం దాకా: అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ కథ

లాయర్ అనగానే మనకు సినిమా కోర్టే గుర్తొస్తుంది. బోనులో ముద్దాయి, హత్య కేసు, గట్టిగా అరుపులు. కానీ కోర్టుల్లో ఇంకో పెద్ద ప్రపంచం ఉంది. అప్పులు, సరుకు బాకీలు, భాగస్తుల తగాదాలు. అక్కడ అరుపులు ఉండవు, కాగితాలు ఉంటాయి.

మా వేంపల్లెలో మా మామ ఒక వ్యాపారికి చెనిక్కాయలు అమ్మినాడు. ఆయన డబ్బుకు బదులు ప్రాంసరీ నోటు రాసిచ్చినాడు. "తెలిసినోడే కదా, యాడికి పోతాడు" అని మామ దాన్ని బీరువాలో పెట్టేసినాడు. నాలుగో ఏడు లాయర్ దగ్గరికి పోతే, ఆయన నోటు ముందూ వెనకా చూసి తిరిగి ఇచ్చేసినాడు. "కాలదోషం పట్టిందప్పా."

నోటు మీద దావా వేయడానికి గడువు మూడేళ్ళే. ఆ లోపల కొంతైనా కట్టించుకుని, వెనక చెల్లు రాయించి, బాకీదారు సంతకం పెట్టించి ఉంటే ఆ రోజు నుంచి మళ్ళీ మూడేళ్ళు వచ్చేవి. బీటెక్ చదివిన నేను కూడా ఇంట్లో ఆ కాగితాన్ని ఒక్కసారి తిప్పి చూడలేదు. ఆ బాధే ఈ ఎపిసోడ్.

కాగితం చదవడమే బతుకుగా పెట్టుకుని శిఖరానికి చేరిన మనిషి ఒకాయన ఉన్నారు. అల్లాడి కృష్ణస్వామి అయ్యర్. 1883లో నెల్లూరు జిల్లా పుదూరులో పుట్టినారు. నాన్న గుడిలో పూజారి. ఆస్తులూ లేవు, కోర్టులో తెలిసిన పెద్దలూ లేరు. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో చదివి, లా పూర్తి చేసి, పి.ఆర్. సుందరం అయ్యర్ అనే పెద్ద వకీలు దగ్గర పని నేర్చుకున్నారు.

మద్రాసే ఎందుకంటే, అప్పుడు మన కడప జిల్లాకు కూడా హైకోర్టు అదే. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు మొదలయ్యేదాకా, ఇక్కడి అప్పీలు అక్కడికి పోవాల్సిందే. ఆ కోర్టులో సివిల్ కేసుల్లో అల్లాడికి గొప్ప పేరు వచ్చింది. 1929 నుంచి 1944 దాకా, పదిహేనేళ్ళు, మద్రాసు అడ్వకేట్ జనరల్‌గా ఉన్నారు. అంటే ప్రభుత్వం తరఫున వాదించే పెద్ద లాయర్.

తర్వాత ఆయన చేతికి దేశంలోనే అతిపెద్ద కాగితం వచ్చింది. 1947 ఆగస్టు 29న ఏర్పడిన రాజ్యాంగ ముసాయిదా కమిటీలో ఉన్నది ఏడుగురే. అందులో ఆయన ఒకరు. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో అంబేద్కర్ మాట్లాడుతూ, కమిటీలో తనకంటే పెద్దవాళ్ళు, సమర్థులు ఉన్నారని చెప్పి, ఉదాహరణకు అల్లాడి పేరే తీసుకున్నారు. అధ్యక్షుడే ఆ మాట అన్నాడంటే ఆలోచించండి.

1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. రెండు రోజులకే, 3న, అల్లాడి కన్నుమూశారు.

ఇప్పుడు వ్యాపార తగాదాలకు 2015 చట్టంతో వచ్చిన కమర్షియల్ కోర్టులున్నాయి. 2018 నుంచి మూడు లక్షల విలువ ఉన్నా అక్కడికి పోవచ్చు. అర్జెంటు ఉత్తర్వు అక్కర్లేకపోతే ముందు మధ్యవర్తిత్వానికి పోవాలి. కానీ ఏ కోర్టయినా మొదట అడిగేది కాగితమే, దాని మీది తేదీనే.

వీడియో అయిపోయినాక ఒక పని చేయండి. ఇంట్లో బీరువా తెరిచి, నాన్న దాచిన నోట్లు ఏమన్నా ఉంటే తేదీలు చూడండి. మా మామకు ఈ మాట చెప్పేవాళ్ళు అప్పుడు లేరు. మీ ఇంట్లో మీరున్నారు.