కుందేలు కన్ను – కొలబద్ద: ఒక పరీక్షా పద్ధతి చరిత్ర

రసాయనాల వల్ల కంటికి కలిగే హానిని కుందేళ్ల మీద పరీక్షించే పద్ధతి మానవ రక్షణ కోసమే రూపొందింది. 1930ల తొలినాళ్లలో అమెరికాలో ‘లాష్ లూర్’ అనే రంగును కనురెప్పలకు వాడిన స్త్రీలు కొందరు చూపు కోల్పోయారు. సౌందర్య సాధనాలను ప్రభుత్వ నియంత్రణలోకి తెచ్చిన 1938 నాటి చట్టానికి ఇటువంటి ఘటనలే నేపథ్యం. 1944లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ శాస్త్రవేత్త జాన్ డ్రైజ్ తన సహచరులతో కలిసి ఈ పరీక్షను ప్రకటించాడు. కుందేలు కంటిలో రసాయనం వేసి, కార్నియా మొదలైన భాగాలలో కనిపించే మార్పులకు పరిశీలకుడు మార్కులు వేస్తాడు.

ఈ పద్ధతి బలహీనత ఆ మార్కులలోనే ఉంది. ఒకే పదార్థానికి వేర్వేరు ప్రయోగశాలలు వేర్వేరు ఫలితాలు ఇస్తున్నాయని 1971లో వైల్, స్కాలాల అధ్యయనం నిరూపించింది. 1980లో హెన్రీ స్పైరా నడిపిన ఉద్యమం జంతువుల బాధను ప్రజల దృష్టికి తెచ్చింది. ఆ విధంగా కరుణ, శాస్త్రీయ సందేహం ఒకే దిశలో సాగాయి.

కబేళాల నుంచి సేకరించిన పశువుల కార్నియాలతో, కోళ్ల కళ్లతో చేసే పరీక్షలను ఓఈసీడీ 2009లో ఆమోదించింది. మానవ కణాలతో పెంచిన కణజాల పరీక్షను 2015లో ఆమోదించింది. సౌందర్య సాధనాలను జంతువులపై పరీక్షించడాన్ని భారతదేశం 2014లో నిషేధించింది.

అయితే కొత్త పద్ధతుల కచ్చితత్వాన్ని నిర్ధారించడానికి ప్రధానంగా పాత కుందేలు పరీక్షల ఫలితాలనే ప్రమాణంగా తీసుకున్నారు. అందువల్ల ప్రయోగశాల నుంచి కుందేలును తొలగించినంత మాత్రాన ఈ చరిత్ర ముగియదు. నిలకడలేని ఆ కొలబద్దను కూడా పునఃపరిశీలించవలసి ఉంది.