మన సముద్రంలో పోయిన రెండు విమానాలు

నాది యానాం. 2014లో సిగ్నల్స్ నుంచి సుబేదారుగా రిటైరై, అమ్మాయి చదువు కోసమని వచ్చి ఉప్పళంలో స్థిరపడ్డాను. హార్బరు దారిలోని టీ కొట్టు మా మాజీ సైనికులకి మెస్ లాంటిది. పడవలవాళ్లూ అక్కడికే వస్తారు.

2015 జూన్ 9 పొద్దున అక్కడ ఒకటే మాట. ముందురోజు సాయంత్రం చెన్నైలో గస్తీకి లేచిన కోస్ట్ గార్డ్ డోర్నియర్ తిరిగి రాలేదు. లోపల ముగ్గురు. రాత్రి 9.23కి తిరుచ్చి రాడార్‌లో చివరిసారి కనబడింది, కారైకాల్ తీరానికి దగ్గర్లో. కారైకాల్ మన పుదుచ్చేరిదే కదా, ఇంట్లో మనిషి పోయినట్టే అనిపించింది.

"సిగ్నల్ రాదా సార్?" అని ఒక పడవాయన అడిగాడు. నా సబ్జెక్టే గనుక చెప్పాను. విమానంలోని ఎమర్జెన్సీ రేడియో ఉపగ్రహానికి కబురు పెడుతుంది గాని, సముద్రంలో మునిగిందంటే ఆ తరంగం పైకి రాదు. నీళ్లలో దూరం పోయేది శబ్దమే. అందుకే బ్లాక్ బాక్సుకి చిన్న బీకన్ తగిలిస్తారు. తడిసిన దగ్గర్నుంచి సెకనుకోసారి 37.5 కిలోహెర్ట్జ్‌లో పలుకుతుంది. మన చెవికి వినబడదు. బ్యాటరీ అప్పట్లో సుమారు నెల రోజులు వచ్చేది.

ఆ పిలుపుని నేవీ సబ్‌మెరైన్ సింధుధ్వజ్ ఆగి ఆగి పట్టుకుంది. జులై 10న, అంటే నెల దాటిన రెండో రోజున, రిలయన్స్ వారి దగ్గర తీసుకున్న ఒలింపిక్ కాన్యన్ ఓడ బ్లాక్ బాక్సుని పైకి తెచ్చింది. కడలూరు తీరానికి సుమారు 30 కిలోమీటర్లే, కాని లోతు దాదాపు వెయ్యి మీటర్లు. మా వైపు సముద్రం అలా ఒక్కసారిగా దిగిపోతుంది.

ఏడాది దాటిన కొన్నాళ్లకే రెండోది. 2016 జులై 22 ఉదయం తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ బయల్దేరిన ఎయిర్‌ఫోర్స్ ఎఎన్-32. మొత్తం 29 మంది. అందులో ఎనిమిది మంది విశాఖ నావల్ ఆర్మమెంట్ డిపో సివిలియన్లు, ఇద్దరు మన ఆర్మీ జవాన్లు. ఓడలు, పి-8ఐ విమానాలు, సబ్‌మెరైన్ అన్నీ వెతికాయి. కాని ఈ విమానానికి నీళ్లలో పలికే బీకన్ లేదు. వినడానికేమీ లేనప్పుడు ఎంత బలగం దింపి ఏం లాభం? సెప్టెంబరులో ఇక ఎవరూ బతికి లేరని భావిస్తున్నట్టు కుటుంబాలకి తెలియజేశారు.

"భావిస్తున్నాం" అన్న మాట మోసుకెళ్లడం నాకు తెలుసు. సర్వీసులో ఒకసారి వాగులో కొట్టుకుపోయిన మా కుర్రాడి ఇంటికి వెళ్లాను. వాళ్లమ్మ కాగితం ముట్టుకోలేదు. "చూశావా నాయనా నువ్వు?" అంది. చూడలేదని చెప్పలేక తల దించుకున్నాను. ఆ తర్వాత ఆ ఇంటి పెన్షన్ కాగితాలు తిరిగిన తిరుగుడు వేరే కథ.

2024 జనవరి 12న రక్షణ శాఖ ప్రకటన వచ్చింది. చెన్నైలోని సముద్ర సాంకేతిక సంస్థ, ఎన్ఐఓటీ, మనిషి లేకుండా నడిచే జలాంతర వాహనాన్ని దించి సోనార్‌తో వెతికి, అడుగున శకలాల ఫొటోలు తీసింది. తీరానికి 310 కిలోమీటర్లు, లోతు 3,400 మీటర్లు. ఏడున్నరేళ్ల తర్వాత.

ఆ పేపరు పట్టుకుని టీ కొట్టుకి వెళ్లాను. అదే పడవాయన లోతు ఎంతని రెండుసార్లు అడిగాడు. ఆపైన "వాళ్లింట్లోవాళ్లకి చెప్పారా సార్?" అన్నాడు. చెప్పారన్నాను.